మంట దగ్గర మాట ఎవరిది?

బెజవాడలో ఎవరైనా “డీఎఫ్ఓ గారిని కలవాలండీ” అంటే, ఆఫీసుల సంగతి తెలిసినవాళ్ళు “ఏ డీఎఫ్ఓ?” అని ఎదురడుగుతారు. జిల్లా అటవీ అధికారినీ డీఎఫ్ఓ అనే అంటారు, జిల్లా అగ్నిమాపక అధికారినీ డీఎఫ్ఓ అనే అంటారు. అడవికి ఒకరు, అగ్నికి ఒకరు. అడవిలోనే అగ్ని పుట్టిన రోజున మాత్రం ఈ ప్రశ్న నవ్వులాటగా ఉండదు. కాగితం మీద జవాబు తేలికే. రిజర్వు ఫారెస్టులో మంట అటవీశాఖ పని. అగ్నిమాపక శాఖ సాయానికి వస్తుంది. కానీ ఫైరింజన్ రోడ్డున్నంత మేరే వస్తుంది. రోడ్డు ఆగిన చోటు నుంచి మనిషి నడవాలి. ఆ నడిచేవాళ్ళలో ముందు ఎవరు ఉండాలి, ఆ ముందు స్థానానికి మనదగ్గర ఎలా చేరుతున్నారు అన్నదే చాలాకాలంగా ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న.

డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళకు నిప్పంటే గడ్డివాము, తాటాకు పాక. వేసవిలో ఒక పాక అంటుకుంటే గాలివాటాన వీధి వీధంతా పోయేది. అప్పుడు ఊళ్ళో ఎవరో ఒక పెద్దమనిషి గాలి ఎటుందో చూసి, రెండు ఇళ్ళు వదిలేసి, ఇంకా అంటుకోని మూడో పాక కప్పు పీకించేవాడు. కాలుతున్న ఇంటిని వదిలి, కాలని ఇంటిని కూల్చమనడానికి గుండె కావాలి. ఆ ఇల్లు ఎవరిదో వాళ్ళ తిట్లు తినడానికీ సిద్ధపడాలి. ఆయనకు ఆ అధికారం ఎవరు ఇచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అంతకుముందు వేసవిలో ఆయన చెప్పిన మాట నిజమైంది కాబట్టి ఈసారి విన్నారు, అంతే. అడవిలో మంటను ఆపడం కూడా ఇదే సూత్రం. మంటకు కొంత దూరంలో ఆకూ అలమూ ఊడ్చేసి, నేల తేలేలా చాలు తీస్తారు. దాన్నే ఫైర్ లైన్ అంటారు. ఆ చాలు ఎక్కడ తీయాలన్నది తేలితే పని సగం అయినట్టే. తప్పుగా తేలిస్తే మనుషులు పోతారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని సామెత. మన అడవుల్లో మంటలార్పే పని ఆకులు పట్టుకోవడంతోనే మొదలవుతుంది. పచ్చికొమ్మ విరిచి మంట అంచును బాదడం ఇప్పటికీ ప్రధానమైన ఆయుధం. ఈ మధ్య కొన్ని రేంజ్‌లకు బ్లోయర్లు వచ్చాయి. ఎండుటాకును ఊదేసి చాలు తీయడానికి అవి బాగా పనికొస్తాయి. నల్లమలలో, శేషాచలంలో, తూర్పు కనుమల్లో పుట్టేవి ఎక్కువగా నేల మంటలు. ఆకురాలు అడవి, మోకాలెత్తు బోదగడ్డి, ఎండిన వెదురు. అమెరికా సినిమాల్లోలాగా చెట్ల కొసల మీద దూకే మంటలు కావు. అందుకని ప్రమాదం లేదనుకోకూడదు. వాలు మీద మంట ఎగువకు పరుగెత్తుతుంది. మనిషి ఎగువకు అంత వేగంగా పరుగెత్తలేడు. గాలి మధ్యాహ్నం ఒకవైపు, పొద్దువాలాక ఇంకోవైపు తిరుగుతుంది. రాత్రి చల్లబడ్డాక మంట మెత్తబడుతుంది. అనుభవం ఉన్నవాడు మిట్టమధ్యాహ్నం దానితో తలపడడు, లోయ అంచున కాచుకుని సాయంత్రం కొడతాడు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. పుస్తకం చదివినవాడికి తెలిసిందనడానికి మాత్రం మంట దగ్గర తప్ప ఇంకెక్కడా రుజువు లేదు.

ఇక మన అటవీశాఖ హోదాల నిచ్చెన ఎలా ఉందో చూద్దాం. అన్నిటికంటే కింద ఫైర్ వాచర్. మంటల కాలానికి, అంటే సుమారుగా ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా, పెట్టుకునే మనిషి. దాదాపు అదే వరుసలో బేస్ క్యాంపుల్లో ఉండే ప్రొటెక్షన్ వాచర్లు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో వీళ్ళలో చాలామంది చెంచులు. దేశంలోకెల్లా పెద్దదైన ఆ అభయారణ్యం నిలబడింది వాళ్ళ కాళ్ళ మీదే. ఆ పైన అసిస్టెంట్ బీట్ ఆఫీసర్, బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, డిప్యూటీ రేంజర్, రేంజర్, ఏసీఎఫ్, డీఎఫ్ఓ, ఆపైన ఐఎఫ్ఎస్ అధికారుల వరుస. వాచర్‌కూ అసిస్టెంట్ బీట్ ఆఫీసర్‌కూ మధ్య ఉన్న మెట్టు ఒక్కటే, కానీ అది గోడ. 2025లో ఏపీపీఎస్సీ 691 పోస్టులు ప్రకటించింది: 256 బీట్ ఆఫీసర్లు, 435 అసిస్టెంట్ బీట్ ఆఫీసర్లు. ఇంటర్ పాసై ఉండాలి. జనరల్ స్టడీస్, సైన్సు, లెక్కలు రాయాలి. ఆపైన నడక పరీక్ష: మగవాళ్ళు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్ళు 16 కిలోమీటర్లు.

నడక పరీక్షను నేను తప్పుపట్టను. అడవిలో ఉద్యోగానికి కాళ్ళు ఉండాలి. కానీ పదిహేను వేసవులు మంటలార్పిన చెంచు వాచర్ ఇంటర్ పాసవలేదు కాబట్టి ఆ గోడ దాటలేడు. గోడ దాటి వచ్చిన కుర్రవాడు మంటను మొదటిసారి చూసేది ఆ వాచర్ వెనక నిలబడే. మంట దగ్గర ఇద్దరిలో ఎవరు ఎవరికి చెప్పాలి? హోదా ప్రకారం కుర్రవాడు. బతకాలంటే వాచర్. చాలా రేంజ్‌లలో ఈ చిక్కు మర్యాదగానే తీరిపోతుంది. బుద్ధిమంతుడైన బీట్ ఆఫీసర్ “ఏం చేద్దాం?” అని అడుగుతాడు, వాచర్ చెబుతాడు, పని జరిగిపోతుంది. వ్యవస్థ నడుస్తున్నది ఆ మర్యాద మీదే. మర్యాద తెలియని అధికారి వచ్చిన ఏడాది ఏమవుతుంది? సర్వీసు నిబంధనల్లో దీనికి జవాబు ఉండదు.

ఆ నిచ్చెనలో కిందున్నవాళ్ళే చనిపోతున్నారన్నది కొట్టిపారేయలేని సంగతి. 2020 ఫిబ్రవరి 16న కేరళ త్రిశూర్ జిల్లా కొట్టంబత్తూరులో మంటలార్పుతూ ముగ్గురు వాచర్లు పోయారు. 2024 జూన్ 13న ఉత్తరాఖండ్ బిన్సర్ అభయారణ్యంలో నలుగురు సిబ్బంది మంటల్లో చిక్కుకుని చనిపోయారు. వాళ్ళలో ఫైర్ వాచర్ ఉన్నాడు, దినకూలీ ఉన్నాడు. 2018 మార్చి 11న తమిళనాడు కురంగణి కొండల్లో మంటకు బలైనవాళ్ళు ట్రెక్కింగుకు వెళ్ళినవాళ్ళు. అక్కడా అదే కథ, ఎండుగడ్డి వాలు, కింది నుంచి పైకి ఎగబాకిన మంట. ఈ సంఘటనలు జరిగినప్పుడల్లా పరిహారం గురించి, బూట్ల గురించి, నిప్పు తట్టుకునే బట్టల గురించి మాట్లాడారు. అవన్నీ కావలసినవే. ఆ క్షణాన ఎటు వెళ్ళాలో ఎవరు చెప్పారు, చెప్పినవాడికి ఆ పని ఎవరు నేర్పారు అన్న విచారణ మాత్రం బయట జనానికి కనిపించదు.

మన రాష్ట్రానికి ఈ గొడవంతా ఎందుకు అనుకునేవాళ్ళకు ఒక లెక్క. భారత అటవీ సర్వే వారి 2023 నివేదిక ప్రకారం, ఒక్క మంటల కాలంలో కాలిన విస్తీర్ణంలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే: సుమారు 5,287 చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా జిల్లా మొత్తంలో సగానికి పైన. వార్తల్లో మనం చూసేది ఉత్తరాఖండ్ మంటలు. విస్తీర్ణంలో ముందున్నది మనం. తెలంగాణ కూడా పెద్దగా వెనకబడి లేదు, మూడో స్థానం.

మంటను కనిపెట్టడంలో మనం చాలా ముందుకు వచ్చామని ఒప్పుకోవాలి. అటవీ సర్వే 2004 నుంచి ఉపగ్రహ సమాచారంతో హెచ్చరికలు పంపుతోంది. 2017 నుంచి 375 మీటర్ల మేర స్పష్టతతో చూడగల పరికరం సమాచారం కూడా కలిసింది. షాద్‌నగర్ ఉపగ్రహ కేంద్రంలో దిగిన సమాచారం బీట్ ఆఫీసర్ ఫోనులో ఫైర్ పాయింటుగా మోగుతుంది. కానీ పాయింటు చెప్పేది నిప్పు ఎక్కడుందన్నదే. అక్కడికి ఏ దారిన వెళ్ళాలో, వెళ్ళాక వెనక్కి వచ్చే దారి ఏదో చెప్పదు. చెట్ల నీడన పాకే చిన్న మంట అసలు ఉపగ్రహం కంటికి ఆనకపోవచ్చు. మనం గత ఇరవై ఏళ్ళలో కళ్ళ మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా, ఆ కళ్ళు చూపించిన చోటికి మనుషుల్ని తీసుకెళ్ళేవాడి మీద పెట్టలేదని నా అభిప్రాయం.

ఈ విషయంలో లోకం ఎక్కువగా ఉదాహరించేది అమెరికాను. 1949 ఆగస్టు 5న మోంటానా రాష్ట్రంలో మాన్ గల్చ్ అనే లోయలో మంట తిరగబడింది. దళనాయకుడు వాగ్నర్ డాడ్జ్ పరుగు ఆపి, తన ముందున్న గడ్డికి తానే నిప్పంటించి, అది కాలిన నల్లటి నేల మీద బోర్లా పడుకున్నాడు. మీరూ రండని కేకేశాడు. ఎవరూ రాలేదు. ఆయన బతికాడు, పరుగెత్తినవాళ్ళలో ఇద్దరు తప్పించుకున్నారు, పదముగ్గురు కాలిపోయారు. ఆయన చేసింది సరైన పనే. కానీ ఆ దళం ఆయనతో కలిసి అంతకుముందు పెద్దగా పనిచేసినది కాదు. నాయకుడికి తెలివి ఉండి, అనుచరులకు నమ్మకం లేకపోతే ఎలా ఉంటుందో చెప్పడానికి డెబ్బై అయిదేళ్ళుగా అందరూ ఈ కథే చెబుతారు. మూడో పాక కప్పు పీకించిన మా ఊరి పెద్దమనిషికీ డాడ్జ్‌కూ తేడా ఒక్కటే, పెద్దమనిషి మాట ఊరు అంతకుముందే విని ఉంది.

ఆ దేశం అక్కడి నుంచి నేర్చుకున్నది నెమ్మదిగానే. 1994లో కొలరాడోలోని సౌత్ కాన్యన్‌లో పద్నాలుగు మంది పోయాక నాయకత్వాన్ని విడిగా ఒక పాఠంగా నేర్పడం మొదలైంది. అక్కడి పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది టాస్క్ బుక్ అనే చిన్న పుస్తకం. దళనాయకుడు కావాలనుకునే మనిషి ఫలానా ఫలానా పనులు నిజమైన మంట దగ్గర, అప్పటికే ఆ అర్హత ఉన్నవాడి కళ్ళెదుట చేసి చూపాలి. చేసిన ప్రతి పనికీ ఆయన సంతకం పెడతాడు. సంతకాలు నిండాకే అర్హత. పరీక్ష హాలులో ఆ సంతకం దొరకదు, సీనియారిటీ జాబితాలోనూ దొరకదు. ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చునే అధికారి మంట దగ్గర తనకంటే చిన్న ఉద్యోగి కింద పనిచేయవలసి వస్తే చేస్తాడు. హోదా ఆఫీసులో ఉంటుంది, అర్హత పుస్తకంలో ఉంటుంది. ఒంటి బలానికీ అంతే. సుమారు ఇరవై కిలోల బరువు మోస్తూ దాదాపు 4.8 కిలోమీటర్లు 45 నిమిషాల్లో నడవాలి, ఏటేటా. మన పాతిక కిలోమీటర్ల నడక ఉద్యోగంలో చేరేముందు పరీక్ష. నలభై అయిదేళ్ళ సెక్షన్ ఆఫీసర్‌ను మళ్ళీ నడవమని అడిగేవాళ్ళు లేరు.

అమెరికాను దేవుడిగదిలో పెట్టనక్కరలేదు. ఇన్ని పుస్తకాలూ సంతకాలూ ఉన్నాక కూడా 2013లో అరిజోనాలోని యార్నెల్ కొండ దగ్గర పందొమ్మిది మంది ఒకేసారి చనిపోయారు. కాలిఫోర్నియాలో జైలు ఖైదీలు ఏళ్ళ తరబడి మంటలార్పారు. విడుదలయ్యాక వాళ్ళ నేరచరిత్ర అదే పనిలో ఉద్యోగానికి అడ్డం పడేది. 2020లో చట్టం చేసి ఆ అడ్డును కొంత సడలించారు. పని తెలిసినవాడిని గోడ అవతల నిలబెట్టడం మన సొంత ఆవిష్కరణ ఏమీ కాదన్నమాట. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఇంకో దారి ఉంది. అక్కడ పల్లె దళాలన్నీ స్వచ్ఛంద సభ్యులవే, కెప్టెన్‌ను ఆ సభ్యులే ఎన్నుకుంటారు. మనకూ వన సంరక్షణ సమితులున్నాయి, వాటికీ అధ్యక్షులున్నారు. మంట దగ్గర అధ్యక్షుడి మాట చెల్లుతుందా అంటే, ఆ ఊరి అలవాటును బట్టి.

మన దేశంలో పైన ఉన్న వ్యవస్థ నిజానికి అమెరికా నుంచి వచ్చిందే. 1970లో కాలిఫోర్నియా మంటల్లో ఎవరి ఆజ్ఞ ఎవరు వినాలో తెలియక పడిన అవస్థ నుంచి పుట్టిన ఏర్పాటును, మన జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో మార్చుకుని మార్గదర్శకాలుగా ఇచ్చింది. దాని ప్రకారం జిల్లాలో బాధ్యుడు కలెక్టరు. ఆయన కింద ఇన్సిడెంట్ కమాండర్, కార్యాచరణ, రవాణా, ప్రణాళిక విభాగాలు. తుపాను వస్తే, వరద వస్తే ఇది పనిచేస్తుంది, ఎందుకంటే మనకు ఏటా అలవాటు. అడవి మంట కలెక్టరేట్ దాకా రావాలంటే అది చాలా పెద్దదై ఉండాలి. 2014 మార్చిలో శేషాచలం తగలబడి తిరుమలకు పొగ కమ్మినప్పుడు అలా వచ్చింది. టీటీడీ అటవీ విభాగం, రాష్ట్ర అటవీశాఖ, అగ్నిమాపక శాఖ, వైమానిక దళ హెలికాప్టర్లు అన్నీ ఒక కొండ మీదికి చేరాయి. అలాంటి మంటలు పదేళ్ళకొకటి. మిగిలినవన్నీ బీట్ ఆఫీసర్, నలుగురు వాచర్లు, రెండు బ్లోయర్ల మంటలే. ఏర్పాటు పైన చక్కగా ఉంది, కింద లేదు. నిచ్చెన కింది మెట్లు లేకుండా పై మెట్లు బిగించినట్టుంది.

బెజవాడకు కూతవేటు దూరంలో, గన్నవరం మండలం కొండపావులూరులో, జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ ఉంది. పక్కనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం. అక్కడి ఈ రెండు ప్రాంగణాలూ 2025 జనవరిలో ప్రారంభమయ్యాయి. అడవి మంటల కోసం యాభై మంది చొప్పున మూడు ప్రత్యేక దళాలు తయారుచేసినప్పుడు ఒక దళం ఈ బెటాలియన్‌కే దక్కింది. మంచి సంగతే. అయితే ఈ దళంలోనివాళ్ళు కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వస్తారు, కొన్నేళ్ళకు తిరిగి వెళ్ళిపోతారు. నల్లమలలో పెంటల (చెంచు గూడేల) మధ్య దారులు వాళ్ళకు తెలిసేలోపు బదిలీ. వాళ్ళు వచ్చినా ముందు నడిపించేది మళ్ళీ ఆ చెంచు వాచరే. కొండపావులూరులో వాచర్లకు నెలరోజులు పాఠం చెప్పించడం ఒక పద్ధతి. వాచర్లచేత దళానికి నెలరోజులు పాఠం చెప్పించడం ఇంకో పద్ధతి. రెండోది నాకు ఇంకా ఎక్కువ నచ్చుతుంది.

పని తెలిసినవాడికి పగ్గాలు ఇవ్వడం మనకు చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు ఎవరిని పిలిచారు? ఎప్పుడో రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారిని. మరుసటి నెల మన ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్‌వెయిట్లను దెబ్బతీసినప్పుడు కూడా ఆయన్నే పిలిచారు. అంత వయసులో ఆయన బ్యారేజీ మీద నిలబడి చెబుతుంటే, సర్వీసులో ఉన్న ఇంజనీర్లు విన్నారు. హోదా అడగలేదు, ఎన్ని గేట్లు చూశాడన్నదే చూశారు. నీళ్ళ విషయంలో కృష్ణా డెల్టాకు ఈ జ్ఞానం రక్తంలో ఉంది. కాలువ లస్కరు మాటను ఏఈ గారు తీసిపారేయరు. నిప్పు విషయంలో మాత్రం మంట ఆరాక ఆ మంటకు కన్నయ్యనాయుడు ఎవరో కూడా ఎవరికీ తెలియదు. అతని పేరు మస్టర్‌లో ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, వాటిలో కొన్ని బలమైనవే. మంట దగ్గర ప్రాణం పోతే చట్టం ముందు జవాబు చెప్పుకోవలసింది రేంజరు. బాధ్యత ఒకరిది, ఆజ్ఞ ఇంకొకరిది అయితే ఎలాగ? దీనికి నా జవాబు: బాధ్యత రేంజరుదే ఉండాలి, అర్హత ఉన్నవాడిని ముందు నడిపించడం ఆ బాధ్యతలో భాగం కావాలి. ఇంకో వాదన చెవిలో చెప్పుకునేది. వాచర్లే కదా ఒక్కోసారి నిప్పు పెట్టేది అని. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్ళు, తునికాకు చిగురు కోసం కాల్చేవాళ్ళు, పశువుల గడ్డి కోసం కాల్చేవాళ్ళు అడవి ఊళ్ళలో ఉన్నారు. నిజమే. కానీ శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం కాలినడకన వెళ్ళే జనం వంట చేసుకుని వదిలేసిన పొయ్యిలూ ఉన్నాయి, పారేసిన బీడీలూ ఉన్నాయి. నిప్పు పెట్టడం తెలిసినవాడికే ఆర్పడమూ తెలుస్తుందన్నది అంత తేలిగ్గా కొట్టేయవలసిన మాట కాదు. కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఏడాది మొదట్లోనే ఎండుటాకును మెల్లగా కాల్చేసే పద్ధతిని తరగు బెంకి అంటారు. దాన్ని ఆపేశాక లాంటానా పొదలు పెరిగిపోయి మంటలు ముదిరాయని వాళ్ళ వాదన. పర్యావరణ శాస్త్రజ్ఞులు కొందరు దీన్ని సమర్థిస్తున్నారు, అటవీశాఖలు ఇంకా తటపటాయిస్తున్నాయి. ఎప్పుడు ఆర్పకుండా వదలాలో తెలియడం కూడా నాయకత్వమే. మన శిక్షణలో ఆ మాట వినపడదు.

కొండపల్లి కొండల సంగతి చూడండి. బెజవాడ శివార్లలోనే ఉన్న రిజర్వు ఫారెస్టు అది. బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టు అక్కడ పెరుగుతుంది. నేల మంటకు పెద్ద చెట్టు తట్టుకుంటుంది, దాని కింద లేచిన మొలక తట్టుకోదు. ఏటా కాలితే ఇరవై ఏళ్ళ తర్వాత చెక్కడానికి కొయ్య ఉండదు. నల్లమల అంత పెద్దది కాదు, చెంచులు లేరు, పులులు లేవు. చుట్టూ ఇబ్రహీంపట్నం, కొండపల్లి, మూలపాడు. ఊళ్ళు దగ్గర, రోడ్లు దగ్గర, రెండు రకాల డీఎఫ్ఓలూ అరగంటలో చేరగలిగిన చోటు. కొత్త పద్ధతి ఏదైనా పరీక్షించి చూడాలంటే ఇంతకంటే అనువైన అడవి రాష్ట్రంలో ఉందనుకోను.

మంగళగిరిలోని అటవీశాఖ పెద్దలకు నేను చేసే విన్నపం చిన్నది. కొత్త పోస్టులు అడగడం లేదు, కొత్త యంత్రాలూ అడగడం లేదు. వచ్చే ఫిబ్రవరిలో కొండపల్లిలోనో, నల్లమలలో ఆత్మకూరు వైపు ఒక్క రేంజ్‌లోనో ఒక నోటుపుస్తకం పెట్టించండి. ప్రతి మంటకు ఒక పేజీ: ఎప్పుడు కనపడింది, చాలు ఎక్కడ తీశారు, ఎక్కడ తీయాలన్నది ఎవరు చెప్పారు, చెప్పింది నిలిచిందా లేదా. చివర రేంజరు సంతకం. మూడు వేసవుల తర్వాత ఆ పేజీల్లో ఎవరి పేరు ఎక్కువసార్లు ఉందో చూసి, ఆ మనిషికి ఇంటర్ ఉందా అని అడగకుండా, మంట దగ్గర ముందు నడిచే హక్కును రాతపూర్వకంగా ఇవ్వండి. దానికి తగిన కూలీ కూడా.